దూది బోనులో తడిబట్ట

కళ్ళజోళ్ళ షాపు,
సోమవారం, భోజనాల వేళ

అక్కా,

నువ్వు పంపిన కుక్కపిల్ల దూది క్షేమం. మేమే క్షేమంగా లేము.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మా ఇల్లు చూశావుగా, ఈ గదిలో ఆవలిస్తే ఆ గదిలో నిద్రొస్తుంది. నాన్నకి చూపు మందగించింది గానీ చెవులు పాముచెవులు. దూది గురించి ఒక్కమాట అనబోతే చాలు, పక్కగదిలోంచి వకాలతు పుచ్చుకుని వచ్చేస్తాడు. అందుకని షాపులో కూర్చుని రాస్తున్నాను. నువ్వూ జవాబు షాపుకే రాయి.

నాన్న మా దగ్గరికి వచ్చాక పగలంతా గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడని, మీ జంతువుల ఆసుపత్రి గేటు దగ్గర ఎవరో వదిలేసిన పిల్లల్లోంచి ఒకదాన్ని పంపావు. మంచిపనే. దూది వచ్చినరోజు నాన్న నవ్వగా చూశాను. ఇద్దరూ కలిసి మెట్ల మీద కూర్చుంటారు, కలిసి బిస్కెట్లు తింటారు, కలిసి కునుకు తీస్తారు. నువ్వు చెప్పినట్టే బోను నాన్న గదిలో మంచం పక్కన పెట్టాం. రాత్రి అందులో పడుకోబెడుతున్నాం.

అక్కడే వచ్చింది తంటా. పొద్దున లేచేసరికి బోనులో బట్ట తడి. ఏదో ఒకరోజు కాదు, దాదాపు రోజూ. మా ఆయన బేకరీ వ్యాను తీసుకుని చీకటితోనే వెళ్ళిపోతాడు. నేను లేచేసరికి నాన్న గుమ్మం దగ్గర నిలబడి, "మళ్ళీ చేసిందమ్మా. ఏమీ అనకు, చిన్నపిల్ల, దాని చేతుల్లో ఏముంది" అంటాడు. ఆ తడిబట్ట ఉతకడంతో నా రోజు మొదలు. పెద్దాసుపత్రి లాండ్రీలో జీవితమంతా దుప్పట్లు ఉతికించిన మనిషి కూతురిని కదా, ఉతుకుడికి భయపడను. వాసనకే భయం. నిన్న ఒకామె కళ్ళజోడు పెట్టుకుని చూస్తూ ముక్కు ఎగబీల్చింది. నా చీర కొంగేనేమోనని చచ్చిపోయాను.

ఏదన్నా ఉపాయం చెప్పు. కుక్కల సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

నీ పిచ్చుక


ఆసుపత్రి కౌంటరు,
గురువారం

పిచ్చుకా,

ఓస్, ఇంతేనా! నీ ఉత్తరం చూసి ఎవరికేమయిందోనని హడలిపోయాను.

రోజూ ఈ కౌంటరు దగ్గర నలుగురు ఇదే ఏడుపు ఏడుస్తారు. విను. కుక్క తను పడుకునే చోటు పాడుచేసుకోదు. చేసుకుంటోందంటే బోను దానికి మరీ పెద్దదైంది. ఒక మూల పడక, ఒక మూల పాయిఖానా పెట్టుకుంది మహారాణి. మధ్యలో అట్ట అడ్డుపెట్టు. లేచి, ఒక చుట్టు తిరిగి, పడుకోడానికి సరిపడా చోటుంటే చాలు. చీకటి పడ్డాక నీళ్ళ గిన్నె తీసెయ్యి. పడుకోబెట్టే ముందు కిందికి తీసుకెళ్ళు, పని కానిచ్చేదాకా అక్కడే నిలబడు. బోనుని వెనిగర్ నీళ్ళతో కడుగు, పాత వాసన తగిలితే ఇదే నా చోటు అనుకుంటుంది. కొట్టకు, తిట్టకు. మూతి దాంట్లో రుద్దమని చెప్పేవాళ్ళ మూతే రుద్దాలి.

మొక్కై వంగనిది మానై వంగునా? ఇప్పుడే పట్టు పట్టు. పదిరోజుల్లో నాకు థాంక్స్ చెప్తావు. అప్పుడు మీ ఆయన బేకరీ నుంచి కేకు పంపు, పైన క్రీము ఉండేది.

నాన్నకి కళ్ళజోడు మార్పించావా? కళ్ళజోళ్ళ షాపులో కూతురుండి పేపరు ముక్కుకి ఆనించుకుని చదువుతాడేమిటి?

అక్క


కళ్ళజోళ్ళ షాపు,
శనివారం

అక్కా,

కేకు సంగతి మరిచిపో.

అట్ట అడ్డుపెట్టాను. ఇప్పుడు దూది ఆ బోనులో తోక ఆడించాలన్నా ముందే ఆలోచించుకోవాలి. నీళ్ళు తీసేశాను. వెనిగర్‌తో కడిగి కడిగి నా చేతులు పచ్చడి వాసన కొడుతున్నాయి. రాత్రి కిందికి తీసుకెళ్ళి అది పని కానిచ్చేదాకా నిలబడుతున్నాను, పక్కింటి వాచ్‌మన్ నాకు కుర్చీ కూడా వేస్తున్నాడు. అన్నీ చేశాను. పొద్దున బట్ట తడి. విచిత్రం ఏమిటంటే, అంత ఇరుకులో అదే బట్ట మీద పడుకున్నా దాని ఒళ్ళు మాత్రం పొడిగా ఉంటుంది. ఏ మాయ చేస్తుందో!

నిన్న పొద్దున నా వల్ల కాలేదు. షాపుకి ఆలస్యమవుతోంది, బట్ట చూశాను, చెయ్యి లేచింది. చిన్నగానే కొట్టాను, అయినా కుయ్యిమంది. నాన్న వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "నోరు లేనిదాని మీదనా నీ ప్రతాపం?" అన్నాడు. జీవితంలో నన్ను ఏనాడూ ఒక్కమాట అనని మనిషి. తర్వాత బాల్కనీలో అటు తిరిగి కూర్చుని, మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదట.

మా ఆయన మంచివాడే, నీకు తెలుసు. కానీ బేకరీ యజమాని, "నీ మీద బ్రెడ్డు వాసన రావాలిగానీ ఇదేం వాసనయ్యా" అన్నాడట అందరిముందూ. ఇంటికి వచ్చి, నెలాఖరుదాకా చూద్దాం, అప్పటికీ నేర్చుకోకపోతే దూదిని మీ అక్కకి ఇచ్చేద్దాం అన్నాడు. తప్పేముంది? అద్దె ఇల్లు, రెండు గదులు. ఆ మాట విన్న నాన్న ఏమన్నాడో తెలుసా? "అది పోతే నేనూ పోతాను."

ఎక్కడికి పోతాడక్కా? ఎటూ పోలేడని తెలిసే అన్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నాకు ఏడుపొస్తోంది.

పిచ్చుక


ఆసుపత్రి కౌంటరు,
బుధవారం

పిచ్చుకా,

దూదిని కొన్నాళ్ళు నా దగ్గరికి పంపు. బోనుతో సహా, అట్టతో సహా. మీ ఆయన వ్యాను ఇటు వచ్చే రోజున ఎక్కించు. నా కళ్ళముందు ఉంటే అసలు గుట్టేమిటో తేలుస్తాను. దూదికి డాక్టరు పరీక్ష అని నాన్నతో చెప్పు.

అక్క


ఆసుపత్రి కౌంటరు,
మంగళవారం

పిచ్చుకా,

దూది వచ్చి వారమైంది. నా మంచం పక్కనే పడుకుంటోంది. ఒక్కరోజు కూడా బట్ట తడవలేదు. తెల్లవారగానే చువ్వలు గీకి నన్ను లేపుతుంది, కిందికి తీసుకెళ్తే పని చూసుకుని వస్తుంది. మా డాక్టరమ్మ కూడా చూసింది. ఏ రోగమూ లేదు. నిజం చెప్పాలంటే ఇంత శుభ్రమైన పిల్లని నేను చూడలేదు.

నాకు ఒకటి అనిపిస్తోంది, కానీ రాయను. తప్పయితే నోరు కడుక్కోవలసి వస్తుంది. ముందు నాకు రెండు సంగతులు రాయి. అది లేని ఈ వారం నాన్న ఎలా ఉన్నాడు? నువ్వు రోజూ ఉతికే ఆ బట్ట ఏ బట్ట, బోనులో ఎలా పడి ఉంటుంది? ఉన్నదున్నట్టు రాయి.

అక్క


కళ్ళజోళ్ళ షాపు,
శుక్రవారం

అక్కా,

ఇవేం ప్రశ్నలు? సరే రాస్తున్నాను.

నాన్న ఈ వారం బాగాలేడు. దూది మీద బెంగ అనుకున్నాను. రోజూ ఎప్పుడొస్తుందని అడుగుతాడు. సాయంత్రమయితే టీ వద్దంటాడు, మంచినీళ్ళు కూడా వద్దంటాడు. నాకన్నా ముందే లేచి స్నానాలగదిలో బకెట్టు చప్పుడు చేస్తున్నాడు. ఎందుకు నాన్నా ఇంత పొద్దున్నే అంటే, చేతకానివాణ్ణి అయిపోలేదు, నా బట్టలు నేను ఉతుక్కోగలను అన్నాడు. తన దుప్పటి కూడా ఉతికి బాల్కనీలో ఆరేశాడు. పాత అలవాటు కదా, దుప్పట్లంటే ప్రాణం అని నేనూ మా ఆయనా నవ్వుకున్నాం.

ఇక బట్ట. దూదికని నేను వేసింది నా పాత కాటన్ చీర ముక్క. ఎప్పుడూ తడిసేది అది కాదు. దాని పైన ఇంకోటి ఉంటుంది, నాన్న తువ్వాలో, పాత పక్కబట్ట ముక్కో. చలేస్తుందని నాన్నే వేస్తాడనుకున్నాను. తడిసేది అదే. బోనులో ముందువైపు, తలుపు దగ్గర ఉంటుంది. నీటుగా నాలుగు మడతలు, అంచుకి అంచు కలిపి, కుట్టు లోపలికి

అక్కా, ఇక్కడిదాకా రాసి కలం పెట్టేశాను. షాపులోకి ఎవరో వచ్చారు, ఏం కావాలని అడిగారో, ఏం చూపించానో నాకు తెలియదు.

కుట్టు లోపలికి, అంచుకి అంచు. అది నాన్న మడత. మనిద్దరికీ చిన్నప్పుడు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి నేర్పించిన మడత. కుక్కపిల్ల మడత పెడుతుందా? రోజూ ఆ మడత విప్పి, ఉతికి, తిట్టి, కొట్టి, నేను చూడలేదక్కా. కళ్ళజోళ్ళు అమ్ముతున్నాను!

నేను నాలుగో తరగతి దాకా పక్క తడిపేదాన్ని. నీకు గుర్తుందా? నీకు తెలియదేమో, ఎవరికీ తెలియనివ్వలేదు. అందరూ లేవకముందే నాన్న వచ్చి నన్ను ఎత్తి పక్కకి పెట్టి, ఆ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని పోయేవాడు. అమ్మ అడిగితే, "నా చేతిలో గ్లాసు జారి నీళ్ళు ఒలికాయి" అనేవాడు. ఎన్నిసార్లు ఒలికాయో ఆ నీళ్ళు! వీడికి చేతుల్లో పట్టు లేదని నాయనమ్మ తిట్టేది. తల వంచుకుని పడేవాడు.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? నాకు తెలిసిందని తెలిస్తే ఆయన బతకడు. తెలియనట్టు ఉంటే దూది పోతుంది. డాక్టరు దగ్గరికి రమ్మంటే ఎందుకంటాడు. ఏమని చెప్పను? నువ్వయినా చెప్పు.

పిచ్చుక


ఆసుపత్రి కౌంటరు,
సోమవారం

పిచ్చుకా,

నా దగ్గర ఉపాయం లేదే. మొదటి ఉత్తరంలో ఎంత వాగాను! బోను పెద్దదట, అట్ట పెట్టాలట, నీళ్ళు తీసెయ్యాలట. నువ్వు ఆ మాటలన్నీ ఇంట్లో అనే ఉంటావు. నాన్న వినే ఉంటాడు. సాయంత్రం మంచినీళ్ళు ఎందుకు మానేశాడో ఇప్పుడు అర్థమైందా? నేను దూదికి చెప్పిన వైద్యం ఆయన చేసుకుంటున్నాడు.

నిన్న ఫోను చేశాను, నువ్వు షాపులో ఉన్న సమయం చూసి. ఒంట్లో ఎలా ఉంది నాన్నా అన్నాను. బండలా ఉన్నాను అన్నాడు. నిద్ర పడుతోందా అంటే, దూది ఎలా నిద్రపోతోంది అని నన్నడిగాడు. డాక్టరు అనే మాట నా నోట్లోకి వచ్చి వెనక్కి పోయింది. రోజూ ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఉచ్చా దొడ్డీ గురించి గట్టిగా మాట్లాడే నోరు ఇది. కన్నతండ్రి దగ్గర పెగల్లేదు.

దూదిని రేపు పంపుతున్నాను. కానీ ఒకటి, ఆ బోనులో ఆ వాసన ఉంటే అది నిజంగానే పాడవుతుంది. రెండురోజులు పట్టదు. అప్పుడు దాని మీద పడిన నింద నిజమైపోతుంది. కాబట్టి ఊరుకోలేం, అనలేం.

రాత్రంతా ఆలోచిస్తే ఒకటే తోచింది. లోకంలో అందరూ పిల్లి మీదా ఎలక మీదా పెట్టి మాట్లాడుతారు. మనం కుక్క మీద పెట్టి మాట్లాడదాం. ఇంటి అడ్రసుకి ఒక ఉత్తరం వేస్తాను. నాన్నకి ఎలాగూ నా రాత కనబడదు. పైకి చదువు. ఒక్క ముక్క మింగకు, గొంతు వణకనివ్వకు.

పని చేస్తుందో లేదో తెలియదు. చెయ్యకపోతే నా దగ్గర ఇంకేమీ లేదు.

అక్క


ఆసుపత్రి కౌంటరు,
బుధవారం
(ఇంటికి)

నాన్నకీ, పిచ్చుకకీ,

దూది చేరే ఉంటుంది. మా డాక్టరమ్మ దాన్ని నిదానంగా చూసి కొన్ని సంగతులు చెప్పింది. చెల్లికి మతిమరుపు, అందుకని నాన్న కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇది దాని తప్పు కాదు. పొగరు కాదు, బద్ధకం కాదు. ఒంట్లో ఒక కండ పట్టు తప్పుతుంది, అంతే. చాలామందికి, అదే, చాలా కుక్కలకి వస్తుంది. సిగ్గుపడి దాచుకుంటే ముదురుతుంది.

నీళ్ళు మానిపించకండి. అది నేను ముందు రాసిన తప్పు సలహా, డాక్టరమ్మ నన్ను చీవాట్లు పెట్టింది. పగలు కడుపునిండా తాగనివ్వాలి. పడుకునే ముందు ఒకసారి, మధ్యలో మెలకువ వస్తే ఒకసారి తీసుకెళ్ళాలి. అందుకని స్నానాలగది దీపం రాత్రంతా వెలుగుతూ ఉండనివ్వండి, కరెంటు బిల్లు చూసుకోకండి. పడక మీద రబ్బరు షీటు ఒకటి వెయ్యాలి, పంపుతున్నాను. కాస్త పెద్దదే దొరికింది, మంచానికి కూడా సరిపోతుంది.

స్నానాలగదిలో మూత ఉన్న బకెట్టు పెట్టండి. తడిసిన బట్ట ఎవరు ముందు చూస్తే వాళ్ళు అందులో వేసి మూత పెట్టాలి. బోనులో మాత్రం ఉంచకూడదు. సాయంత్రం చెల్లి ఆ బకెట్టు అలాగే వాషింగ్ మెషిన్లో ఒంపేస్తుంది. మూత తీసి చూడటం, లెక్కపెట్టడం, ఇది ఎవరిదని అడగటం ఉండకూడదు. మడత పెట్టే శ్రమ కూడా వద్దు.

దీనికి మందులున్నాయి. డాక్టరు ఎవరూ నవ్వరు. వాళ్ళు రోజూ చూసేది ఇదే. పూర్తిగా నయమవుతుందని మాట ఇవ్వలేను, కానీ ఇప్పటికన్నా సుఖంగా ఉంటుంది. కాకపోతే దాన్ని బలవంతంగా లాక్కుపోకూడదు. దానికి ఇష్టమైన రోజున చెప్తుంది, అప్పుడు తీసుకెళ్ళాలి. అప్పటిదాకా, తర్వాత కూడా, ఈ కారణానికి దాన్ని ఎవరూ ఇంట్లోంచి పంపరు. నేను పంపనివ్వను.

మీ పెద్దమ్మాయి


కళ్ళజోళ్ళ షాపు,
సోమవారం

అక్కా,

చదివాను. ఎక్కడా మింగలేదు. 'చాలామందికి, అదే, చాలా కుక్కలకి' అని రాశావే, అక్కడికక్కడే నీ పీక పిసకాలనిపించింది.

నాన్న మంచం మీద కూర్చుని విన్నాడు. దూది ఆయన పాదాల మీద పడుకుంది. బకెట్టు దాకా వచ్చేసరికి చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. "ఇదంతా కుక్కకేనా రాసింది?" అన్నాడు.

"కుక్కకే నాన్నా" అన్నాను.

"ఊ. చదువు."

చివరికొచ్చాక, ఆ డాక్టరు ముక్క మళ్ళీ చదవమన్నాడు. చదివాను. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ చదివాను. తర్వాత లేచి, దూదిని తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. తప్పు చేశామక్కా, మానుని వంచబోయి విరిచేశాం అనుకున్నాను. వంటింట్లో కూర్చుని ఏడ్చాను, చప్పుడు రాకుండా. మా ఇంట్లో దానికి కూడా చోటు లేదు.

స్నానాలగదిలో బకెట్టు పెట్టాను. మొదట్లో అది ఖాళీ. బోనులోనూ ఏమీ లేదు. మరెక్కడ దాస్తున్నాడో, రాత్రంతా కూర్చునే ఉంటున్నాడో తెలియదు. అడగలేను. నిన్న సాయంత్రం బకెట్టు ఎత్తితే బరువుగా ఉంది. మూత తియ్యకుండా మెషిన్ దాకా తీసుకెళ్ళి, అటు చూస్తూ ఒంపేశాను.

ఈరోజు మా ఆయన బోనులోకి తలపెట్టి వాసన చూసి, "భలే నేర్చుకుందే ఇది! ఇంక ఎక్కడికీ పంపక్కర్లేదు" అన్నాడు. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, "చిన్నపిల్ల కదా, నేర్చుకుంటుంది" అన్నాడు.

దూది ఉంటుంది. అందుకు సంతోషించాలి. నాన్న మొహం చూస్తే సంతోషించలేకపోతున్నాను. ఆయన కోసం నేను చెయ్యగలిగింది ఒక బకెట్టు మూత తియ్యకపోవడమేనా?

ఇంకోటి. ఈ పొద్దున నాన్న నా దగ్గర కాగితం అడిగాడు. కవరు కూడా. లాండ్రీలో దుప్పట్ల మీద గుర్తులు వేసే లావు సిరా కలం ఉంది చూడు, దాంతో ఏదో రాసి, అంటించి నాకిచ్చాడు. చదవకు అన్నాడు. ఈ ఉత్తరంతోపాటే అదీ పోస్టు చేస్తున్నాను. చదవలేదు.

పిచ్చుక


ఇల్లు

పెద్దమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. చెల్లి బాగా చదివింది. రెండుచోట్ల గుక్క తిప్పుకుంది, నేను వినలేదనుకుంది.

రబ్బరు షీటు కదిలితే చప్పుడు చేస్తోంది. పైన మెత్తని నూలు దుప్పటి వేస్తే చెయ్యదు. లాండ్రీలో అలాగే వేసేవాళ్ళం. ఇంకోటి పంపు, మార్చుకోడానికి ఉంటుంది.

చాలా ప్రయత్నించానమ్మా. నీళ్ళు మానేశాను, నిద్ర మానేశాను. ఒళ్ళు మాట వినలేదు. ఎంతమంది దుప్పట్లో చేతులతో ముట్టుకున్నాను, ఏనాడూ ఎవర్నీ చీదరించుకోలేదు. నాది మాత్రం నాదని అనలేకపోయాను. తీసుకెళ్ళి దూది బోనులో పెట్టాను. చెల్లి దాన్ని కొట్టిన రోజున కూడా నోరు విప్పలేదు, అదీ, నేనూ.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. చెల్లితో వద్దు, దాన్ని నేను ఎత్తుకుని పెంచాను. నువ్వు రా.

మనం వెళ్ళేటప్పుడు దూదిని ఇంట్లోనే ఉంచుదాం. పాపం, దానికి ఏ జబ్బూ లేదు.

నాన్న